కాఫీ వాసన ముద్ద

వంటింటి వెనక గది,
ఆదివారం

అక్కా,

ఈ ఇంట్లో నేను నోరు మూసుకుంటే అలిగానంటారు, తెరిస్తే ఎదురు చెప్పానంటారు. నిన్న పొయ్యి ముందు నిలబడి పిండి కలుపుతున్నాను. నీళ్ళు ఎక్కువయ్యాయా అని గిన్నెలోకి వంగి చూస్తున్నాను. అమ్మ గుమ్మంలోంచి చూసి "ఏడుస్తోంది, దాన్ని కదిలించకండి" అని నాన్నకి చెప్పింది. నాన్న నిజంగానే కదిలించలేదు. సాయంత్రం దాకా ఇద్దరూ నా చుట్టూ పిల్లుల్లా నడిచారు. ఆవిరికి కళ్ళు చెమర్చాయి, అంతే. మూడేళ్ళు కాలేజీలో లవణాల గురించి చదివినదాన్ని, నా కంట్లో నీళ్ళ గురించి నా మాట నమ్మేవాళ్ళు లేరు.

వాళ్ళ లెక్కలో నేను ఏడవాల్సిన కారణం ఒకటుంది. నీ కూతురు గువ్వ మళ్ళీ కక్కుకుంది. నువ్వు ట్రైనింగ్ అని దాన్ని ఇక్కడ దింపి వెళ్ళాక ఇది రెండోసారి. ఆడుకుంటూ ఆడుకుంటూ కడుపు పట్టుకుని కూర్చుండిపోయింది. కక్కినదాంట్లో నేను చేసిన ముద్ద తునక కనబడింది. అమ్మ నా వైపు చూసి, తుడవడానికి గుడ్డ తెచ్చుకుంది. తిట్టినా బాగుండేది.

నేనేం చేస్తానో నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మైదా, అందులో సగం ఉప్పు, కాస్త నూనె, చిటికెడు నిమ్మ ఉప్పు, మరిగే నీళ్ళు. గిన్నె అంచులు వదిలేదాకా సన్న మంట మీద తిప్పి, చెయ్యి ఓర్చుకునే వేడిలో మర్దించాలి. అప్పుడు మెత్తగా, బుగ్గలా వస్తుంది. చివర్లో రంగు, వాసన. నిమ్మ, దాల్చినచెక్క, పుదీనా, వెనీలా, కాఫీ. పిల్లలు వాటితో పాములూ పళ్ళేలూ చేసుకుని ఆడుకుంటారు. కొట్లో దొరికేదానికి రబ్బరు కాలిన కంపు. అందుకే డబ్బాల మీద 'వాసన ముద్దలు' అని పేరు రాసి గువ్వ వెళ్ళే బడికే ఇస్తున్నాను. ఏడాది పొడుగునా నా దగ్గరే తీసుకుంటానని టీచరమ్మ అంది. నెలాఖరులోపు ఖాయం చేస్తుంది. చెయ్యకపోతే నాన్న స్నేహితుడి ఆఫీసులో నాకోసం కుర్చీ సిద్ధంగా ఉంది. వచ్చిన కవర్ల మీద ముద్ర కొట్టి, పోయే కవర్ల మీద ముద్ర కొట్టడం. బడి మాట తప్పితే ఆ కుర్చీలో కూర్చుంటానని నాన్నకి ఒప్పుకున్నాను. అందుకే ఈ కక్కుడు నాకు చిన్న విషయం కాదు.

నన్ను తొలుస్తున్నది ఒక్కటే. సగం ఉప్పున్నదాన్ని ఏ పిల్లైనా నాలిక్కి తగలగానే ఉమ్మేస్తుంది. ఉమ్మెయ్యాలి. మరి ఇది ఎందుకు మింగింది? ఒకసారంటే తెలీక. రెండోసారి?

అక్కడ ఇలాంటివేమైనా తినేదా? ఫోన్‌లో అడుగుదామంటే అమ్మ స్పీకర్ పెట్టమని పక్కనే కూర్చుంటుంది. అందుకే ఈ ఉత్తరం.

నీ చెల్లి

*

ఆఫీసు, మెట్ల పక్క బల్ల,
గురువారం

ముక్కేశ్వరికి,

ఎన్నాళ్ళయిందే నీ చేతిరాత చూసి. ఇంకా అలాగే ఉంది, కోడి పరిగెత్తినట్టు.

పిల్లలన్నాక ఏదో ఒకటి నోట్లో పెట్టుకుంటారు. నువ్వు బొగ్గు తినేదానివి. పళ్ళు నల్లగా చేసుకుని వచ్చినవాళ్ళందరికీ నవ్వి చూపించేదానివి. అప్పుడు నీ మీద ఎవరైనా పరిశోధన చేశారా? కక్కేసింది, పోయింది. డాక్టరు కూడా పర్లేదన్నాడని అమ్మ చెప్పింది.

కొన్నాళ్ళు ఆ పిండి పని ఆపెయ్యి. కొంప మునిగిపోదు. ఆఫీసు కుర్చీ అంటే మూతి ముడుచుకుంటావు కానీ, నెల తిరిగేసరికి నీదంటూ ఒక బల్ల ఉంటుంది, ఎవరూ నీ వెనక నిలబడి నువ్వు ఏడుస్తున్నావో లేదో చూడరు.

నా ట్రైనింగ్ ఇంకో నెల పెంచారు. గువ్వని అంతవరకూ ఉంచుకోండి. దాన్ని కూర్చోబెట్టి ఏమీ ప్రశ్నలు వెయ్యకు, బెదురుతుంది. అది అసలే అన్నీ మనసులో పెట్టుకునే రకం.

ఇకమీదట కూడా ఉత్తరం ఆఫీసుకే రాయి. ఇంటి దగ్గర పోస్టుబాక్సు తాళం పాడైంది. మీ బావ బాగానే ఉన్నారు. పనిలో ఉన్నారు.

అక్క

*

వరండా,
మంగళవారం

అక్కా,

ఆపెయ్యమన్నావు. నీ ఉత్తరం అందకముందే ఆపించేశారు. నిన్న డబ్బాలు వెనక్కి వచ్చాయి, మూతలకి పిల్లల వేలిముద్రలతో సహా. పరిగెత్తుకుంటూ బడికి వెళ్ళాను. "మీవాళ్ళే చెప్పాక నేనేం చెయ్యనమ్మా" అంది టీచరమ్మ. మావాళ్ళంటే ఎవరని అడిగితే నీళ్ళు నమిలి, ఎవరో పిల్లాడి ముక్కు తుడవడానికి లేచి వెళ్ళిపోయింది. ఆ పిల్లాడి ముక్కు శుభ్రంగా ఉంది. నేను చూశాను.

ముందు అమ్మని అనుమానించాను. నవ్వకు. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టాలని అమ్మకే ఎక్కువ ఆత్రం. పైగా నేను బజారుకి వెళ్ళినప్పుడు డబ్బాల దగ్గర ఉండేదీ ఆవిడే. ఆవిడే డబ్బాల్లో చెయ్యి పెడుతోందేమోనని ఒక పని చేశాను. పొద్దున్నే అయిదు ముద్దల్నీ తడిచేత్తో నున్నగా దిద్ది, మూతలు పెట్టి, అల్మారా కింద అరలో వదిలేశాను. ఎవరు ముట్టుకున్నా గుర్తు పడుతుంది. మధ్యాహ్నం తీసి చూస్తే నిమ్మ అద్దంలా ఉంది. దాల్చినచెక్క అంతే, పుదీనా అంతే. వెనీలా మీద ఈగ కాలు కూడా పడలేదు. కాఫీ ముద్దకి మాత్రం ఒక పక్క గిల్లిన గుంట, దాని పక్కనే బియ్యపు గింజలంత పళ్ళ గాట్లు.

అంటే నోటికి దొరికిందల్లా తినడం కాదు అక్కా, ఏరుకుని తింటోంది. అది కూడా ఏది? కేకులా ఘుమాయించే వెనీలాని వదిలేసి, ఉప్పుకి తోడు చేదు కూడా ఉన్నదాన్ని. నాన్నకి చెప్పకుండా ఆయన నాలిక్కి కాస్త తగిలించాను. "సముద్రంలో చెప్పు నానబెట్టావేంటే" అన్నారు. రెండు చెంబుల నీళ్ళు తాగారు. అంతటిదాన్ని నాలుగేళ్ళ పిల్ల కోరుకుని మింగుతోంది. అల్మారాకి తాళం వేశాను. కాఫీ డబ్బా పైకి ఎత్తి పెట్టాను. అయినా నా అనుమానం తాళంలో పట్టడం లేదు.

ఇంకొక సంగతి. నీ ఉత్తరం విప్పాను. నన్ను ముక్కేశ్వరి అన్నావు కాబట్టి చెబుతున్నాను. నీ పెళ్ళయిన దగ్గర్నుంచీ నీ దగ్గర్నుంచి ఏదొచ్చినా కాఫీ వాసనే. నీ బట్టలూ, నువ్వు పంపిన పుస్తకాలూ, గువ్వ జుట్టూ. బావ కింద దుకాణంలో గింజలు వేయిస్తుంటే మేడ మీద మీ దిండ్లకి కూడా పడుతుంది ఆ వాసన. ఈ ఉత్తరానికి లేదు. ఫినాయిలు, కలరా ఉండలు. మీ ట్రైనింగ్‌లో గచ్చు కడగడం కూడా నేర్పుతున్నారా?

చెల్లి

*

ఆఫీసు,
శనివారం

చెల్లికి,

ఆఫీసులో రాసిన ఉత్తరానికి ఆఫీసు వాసనే వస్తుంది. ఉత్తరం వస్తే చదువుతారు, వాసన చూడరు. నీకు చేతిలో పని లేక మెదడుకి తోక మొలిచింది. సొంత తల్లి మీద నిఘా పెట్టావా? ముద్దలు నున్నగా దిద్ది మరీ? అమ్మకి తెలిస్తే ఎంత నొచ్చుకుంటుందో ఆలోచించావా?

ఆ నాన్న ముద్ద ఒక్కటీ చెత్తబుట్టలో పడేస్తే పోయేదానికి ఇంత కూపీ లాగుతున్నావు. పడెయ్యి. బడి సంగతి వదిలెయ్. గువ్వ జోలికి వెళ్ళకు. నాకు ఇక్కడ సవాలక్ష పనులున్నాయి.

అక్క

*

మేడ మెట్ల మీద,
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఈసారి వాసన చూడలేదు, నువ్వు చెప్పినట్టే చదివాను.

నేను రాసింది కాఫీ ముద్ద అని. డబ్బా మీద ఉన్నదీ కాఫీ అనే. ఈ ఇంట్లో దాన్ని ఇంకో పేరుతో పిలవడం నేనెప్పుడూ వినలేదు. నువ్వు 'నాన్న ముద్ద' అని రాశావు. ఎవరు చెప్పారు నీకు ఆ పేరు?

నువ్వు చెబుతావని నాకు నమ్మకం లేదు. అందుకని నేనే చెవులు తెరుచుకుని కూర్చున్నాను. రోజూ వినేదే, ఎప్పుడూ వినలేదు. అమ్మ గువ్వకి అన్నం పెడుతోంది.

"ఇది తాతయ్య ముద్ద. ఆఁ అను. ఇది పిన్ని ముద్ద. అదిగో అయిపోయింది. ఇది నాన్న ముద్ద. ఇది తినేస్తే నాన్న వచ్చేస్తాడు."

"ఎప్పుడొస్తాడు?"

"తిన్నాక."

"నిన్న కూడా తిన్నా కదా అమ్మమ్మా."

"నిన్న సగం ఉమ్మేశావు మరి. అందుకే రాలేదు."

అమ్మ నవ్వింది. మనకి కూడా అలాగే పెట్టింది. గువ్వ నవ్వలేదు. కాసేపు గిన్నె వైపు చూసి, నోరు తెరిచింది.

చెయ్యి కడిగాక దాన్ని వెనక గదిలోకి తీసుకొచ్చాను. నువ్వు అడగొద్దన్నావు, అడిగాను. కాఫీ డబ్బా దింపి మూత తీసి దాని ముందు పెట్టాను. రెండు చేతులతో పట్టుకుని ముక్కుకి ఆనించుకుంది. చాలాసేపు తియ్యలేదు. తర్వాత గోటితో ఇంత గిల్లి, కళ్ళు గట్టిగా మూసుకుంది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను.

"ఉప్పు కదే?"

"నాన్న ముద్ద ఉప్పుగానే ఉంటుంది పిన్నీ. మందులాగ మింగెయ్యాలి. ఉమ్మితే రాడు."

"అమ్మమ్మ పెడుతోందిగా నాన్న ముద్ద?"

"అందులో నాన్న లేడు. ఇందులో ఉన్నాడు."

అక్కా, దానికి నాన్న అంటే ఆ వాసన. నేను దాన్ని గిన్నెలో కాచి, ముద్ద అని పేరు రాసి, దాని చేతికిచ్చాను. అన్నానికీ ఆటకీ ఒకటే మాట వాడి, మళ్ళీ తినే వాసన కూడా వేశాను. అందులో నా వంతు నాకు తెలుసు. అది సరిచేసుకుంటాను.

ఆ తర్వాత అది చెప్పింది విను. "అమ్మకి చెప్పేశా. మంచం కింద దూరి ఫోన్‌లో చెప్పా. అమ్మ, ఇంక తినకు, ఎవరికీ చెప్పకు అంది." నువ్వు చెప్పిన రెండింట్లో ఇన్నాళ్ళూ అది పాటించింది రెండోదే.

నీకు తెలుసు. బొగ్గు కబుర్లు రాసి నా చెవిలో పువ్వు పెట్టినప్పటికే నీకు తెలుసు.

ఇవాళ బడికి మళ్ళీ వెళ్ళాను. ముక్కు తుడవడానికి పిల్లలెవరూ లేని వేళ చూసి వెళ్ళాను. చెప్పేదాకా కదలనన్నాను. "పిల్ల తల్లికే ఫోన్ చేశానమ్మా, ఎందుకు కక్కుకుందో ఆవిడకే తెలుస్తుంది కదా అని. ఆ పిండి వల్లే, ఇంకెవరి పిల్లలకీ ఇవ్వకండి అని ఆవిడే అంది" అని చెప్పింది టీచరమ్మ.

నేను అమ్మని అనుమానించాను. బడి ఆయాని కూడా అనుమానించాను. పక్కింటివాళ్ళ పిల్లిని కూడా వదల్లేదు. నిన్ను అనుకోలేదు.

బావ ఎక్కడ? నువ్వు ఎక్కడ?

చెల్లి

*

హాస్టల్, కిటికీ వైపు మంచం,
ఆదివారం

చెల్లీ,

ఈసారి నిజం చిరునామా పైన పెట్టాను. ఆడవాళ్ళ హాస్టల్. రోజూ పొద్దున్నే ఫినాయిలు పోసి కడుగుతారు, అల్మారాల నిండా కలరా ఉండలు. నీ ముక్కు తప్పు చెప్పలేదు. ట్రైనింగ్ లేదు. పిల్లల్ని ఇక్కడ ఉండనివ్వరు. అందుకే గువ్వని అక్కడ దింపాను.

మీ బావ చెడ్డవాడు కాదు. అలా అంటే మరి ఎందుకు వచ్చేశానో ఎవరికీ అర్థం కాదని భయం. ఆయన కొట్టలేదు, తాగలేదు. మా మధ్య మాటలు ఆగిపోయాయి. ఎప్పుడు ఆగాయో కూడా గుర్తు లేదు. ఇద్దరం గువ్వ ద్వారా మాట్లాడుకునేవాళ్ళం. నాన్నకి చెప్పు, అన్నం చల్లారుతోందని. అమ్మకి చెప్పు, తాళం మేకుకి ఉందని. అది ఆ గదిలోంచి ఈ గదిలోకి పరిగెత్తేది, మొదట్లో ఆటనుకుని. ఒకరోజు మధ్య గుమ్మంలో నిలబడి రెండు చెవులూ మూసుకుంది. ఎంత పిలిచినా చేతులు తియ్యలేదు. ఆ వారమే వచ్చేశాను. ఆయన ఆఫీసుకి ఫోన్ చేస్తుంటారు, గువ్వని ఒక్కసారి చూస్తానని. నేను తియ్యడం లేదు. తీస్తే ఏం చెప్పాలో తెలీదు.

గువ్వ మంచం కింద నుంచి చెప్పినప్పుడు, అమ్మని పిలవమందామనుకుని ఫోన్ పెట్టేశాను. ఎందుకు మింగిందని అమ్మకి చెప్పాలంటే, నాన్న ఎందుకు రావడం లేదో చెప్పాలి. అప్పుడే టీచరమ్మ ఫోన్ వచ్చింది. పిండి అనేశాను. పిండి అయితే ఎవరూ ఇంకేమీ అడగరు. అడగలేదు కూడా, నువ్వు తప్ప.

తినొద్దని దానికి గట్టిగా చెప్పాను, వింటుందనుకున్నాను. నువ్వు ఆ డబ్బా పారేస్తావని చూశాను.

ఒక్కటి అడుగుతాను. ఇక్కడ ఒక ఇల్లు చూసుకుని గువ్వని తెచ్చుకునేదాకా, పిండి మీద పడ్డ మాటని అలాగే ఉండనీ. అమ్మకి చెప్పకు. ఇంకొన్నాళ్ళే. నీకేం పోతుంది? నీకు నాన్న చూపించిన కుర్చీ ఉంది. నాకు ఈ మంచం ఒక్కటే ఉంది.

అక్క

*

వంటింటి వెనక గది,
బుధవారం

అక్కా,

నాకేం పోతుందని అడిగావు. ఇక్కడ నన్ను చూసి తలుపులు మెల్లగా వేస్తున్నారు. పక్కింటావిడ నిన్న వాళ్ళ పిల్ల చేతిలోంచి నా నిమ్మ ముద్ద తీసి, నా ముందే చెయ్యి కడిగించింది, సబ్బు పెట్టి. అమ్మ నేను పెట్టిన పెరుగు గిన్నె కూడా వాసన చూసి గువ్వకి పెడుతోంది. పోయింది అదీ.

నువ్వు హాస్టల్లో ఉన్నందుకు నాకు కోపం లేదు. బావతో ఉండలేకపోతే ఉండకు. ఎందుకని నేను అడగను. కానీ నువ్వు మాట దాచుకోవడానికి నా చేతుల్ని వాడుకున్నావు. ఆ మధ్య గుమ్మంలోంచి గువ్వని తెచ్చేశాననుకున్నావు, తేలేదు. అది ఇంకా అక్కడే నిలబడి ఉంది, ఈసారి నోరు కూడా మూసుకుని.

అమ్మ చేత నాన్న ముద్ద మాన్పించాను. ఎందుకని అడిగింది. మానెయ్యి అన్నాను. నా మొహం చూసి, ఈసారి ఏడుస్తోందని మాత్రం అనలేదు. ఇప్పుడు కుక్క ముద్ద, కాకి ముద్ద పెడుతోంది. గువ్వకి కాకి ముద్ద నచ్చింది.

కాఫీ డబ్బా ఖాళీ చేసి కడిగేశాను. మిగతా నాలుగూ కూడా. ఇకనుంచి నిమ్మగడ్డి, లావెండర్, అంతే. ఏ పిల్లకీ ఆకలి గుర్తు రాని వాసనలు. పేరు మార్చాను. ముద్ద అనే మాట చెరిపేసి 'వాసన మట్టి' అని రాశాను. మట్టి తినమని ఏ అమ్మమ్మా చెప్పదు.

టీచరమ్మకి ఒక డబ్బా ఇచ్చి వచ్చాను. పిల్ల ఎందుకు మింగిందో నాకు తెలుసని, ఆ సంగతి పిల్ల తల్లే చెబుతుందని అన్నాను. "ఆవిడ నోటితో వింటే చూస్తానమ్మా" అంది. ఖాయం చెయ్యలేదు, కాదనలేదు. డబ్బా మూత తీసి తను కూడా ఒకసారి పిసికి చూసుకుంది, నేను వెళ్ళిపోయాననుకుని.

నువ్వు ఆవిడకి ఫోన్ చేస్తావు. చేసినా చెయ్యకపోయినా నేను ఆ కుర్చీలో కూర్చోను. నాన్నకి పొద్దున్నే చెప్పేశాను. మాట ఇచ్చావు కదా అన్నారు. ఇచ్చాను, వెనక్కి తీసుకున్నాను అన్నాను. పేపరు అడ్డం పెట్టుకున్నారు.

బావకి ఫోన్ చేశాను. నీ గురించి ఆయనేమీ చెప్పలేదు, నేనూ అడగలేదు. గువ్వని తీసుకొస్తున్నాను, దుకాణంలో ఉండమన్నాను. ఉంటానన్నారు. ఫోన్ పెట్టెయ్యడం మర్చిపోయి గింజలు తిప్పసాగారు, ఆ చప్పుడు వినబడింది.

శనివారం పొద్దున బస్సుకి బయలుదేరుతున్నాం. ముందు కాఫీ దుకాణం దగ్గర దిగుతాం. గువ్వ ఏమీ మింగకుండానే వాళ్ళ నాన్నని చూస్తుంది. అక్కణ్ణుంచి నీ హాస్టల్‌కి వస్తాం.

నీ సంగతి అమ్మకి నేను చెప్పలేదు, నువ్వే చెప్పాలి. ఆవిడ కూడా వస్తోంది.

చెల్లి